తోడు

మిర్యాలగూడ మిల్లుల
నానిన వడ్లు ఎప్పుడు తీయాల్నో ముక్కుతోనే చెప్త.
తేమ చూసే మిషిను కొన్నడు సేటు. అయినా
"సైదమ్మా, ఓపాలి వాసన జూడు" అంటడు.
తొట్లె మూడు రాత్రుళ్లు నానితే ఒక పులుపు,
నాలుగో పొద్దుకు ఇంకో పులుపు.
పురుగు కండ్లవడక ముందే
తవుడు నాకు చెప్తది.

అసొంటి ముక్కుకు
దసరా పోయినంక వచ్చిన ముట్టు ఆగినంక
లంగ విడిస్తే లేసింది ఒక వాసన,
ఎండుచేపల బుట్ట మూత తీసినట్టు.
చీరె అనుకున్న, మార్చిన.
బాత్రూం మోరీ అనుకున్న, సున్నం గొట్టిన.
నేనే అని తెలిసిన రాత్రి
నిద్ర పట్టలే.

డెట్టాలు రెండు మూతలు నీళ్లల్ల పోసి
లోపటిదాంక కడిగిన.
మంట. మంటంటే సాఫైనట్టే అనుకున్న.
గంధం సబ్బు తెచ్చిన. కడిగినకొద్ది మర్లొచ్చింది
వడ్డీకిచ్చినోడు వాకిట్లకొచ్చినట్టు.

సద్ది తినేకాడ అందరికి దూరం జరిగిన.
ఊక బూడిద కుప్ప పక్కన కూసున్న.
బూడిదకు ముక్కు లేదు గద.
ఆయన అటు మళ్లి పండుకుంటే
నా కంపుకే అనుకొని ఏడ్చిన.
ఆయనకు నడుం పట్టిందట,
అది శాన దినాలకు తెలిసింది.

బస్తీ దవాఖానల జాన్‌బీ సిస్టరు
వడ్ల ధర అడిగినంత మామూలుగ అడిగింది:
"ఎన్నొద్దులాయె? దురద ఉన్నదా?
పెరుగు తరకల్లెక్క పోతుందా,
పల్చగ, బూడిద రంగులనా?"
"పల్చగనే" అన్న, గోడను చూసుకుంట.
డాక్టరమ్మ పరీక్ష చేసింది, ఏడొద్దుల గోలీలు రాసింది.

చీటీ చేతికొచ్చినంక గాని నోరు రాలే.
"నేను గలీజు దాన్నా సిస్టర్?"
ఆమె పెన్ను ఆపింది.
"పడిశం పడితే గలీజా?
లోపట ఒక తోడుంటది సైదమ్మా,
పాలల్ల ఏసే తోడు అసొంటిది.
ఆ పులుపే నిన్ను కాస్తది.
అది తగ్గితే వేరే పురుగులు పెరుగుతయ్.
నువ్వేమో డెట్టాలు పోసి ఉన్నదాన్నీ చంపవడితివి.
బయట ఉత్త నీళ్లు చాలు. లోపటిది అదే కడుక్కుంటది."

ముట్టుకు ముందొకతీరు, ఎనకొకతీరు,
చెమటకొకతీరు, పిల్లలు పుట్టినంక ఇంకొకతీరు
వాసన మారుడు మామూలేనట.
కంపు గొడితే, మండితే, రంగు మారితే
దాచొద్దట.

మూడు రాత్రుల తొట్టె పులుపు మంచిదని
పదకొండేండ్ల సంది చెప్పుకుంటొస్తున్న నేను
నా పులుపును మాత్రం నమ్మకపోతి.

గోలీలకు నోరంత తుప్పు రుచి.
ఐదో దినం లంగ విడిచి
దొంగలెక్క వాసన చూసిన. మళ్ల చూసిన.
సద్ది పట్టుకొని అందరి నడుమ కూసున్న.

చెప్పాలని చెప్పలే, నోరు జారింది.
తవుడు ఊడ్చే నర్సవ్వ నవ్వింది:
"ముట్టాగినంక నాకు ఏ వాసనా లేదు బిడ్డా.
ఒక్కోపాలి యాదికొస్తది."
ఎవ్వరం ఏం అనలే.
బస్తాలు కుట్టే రేష్మ
చెయ్యి కడుక్కునేకాడ నా కొంగు గుంజి
"అక్కా, ఆ సిస్టరు ఏ వారం ఉంటది?" అన్నది.

సేటు పిలిచిండు, "సైదమ్మా, తొట్టె!"
వంగిన. గాలి పీల్చిన.
"ఇంకో పూట ఆగుండ్రి" అన్న.