నలభై మూడో అంతస్తు దగ్గర

షింజుకు స్టేషన్ నుంచి బయటపడే దారులు
రెండువందలున్నాయట.
నాకు కావలసింది ఒక్కటే.

జనం. అబ్బో, ఏం జనం.
అయినా గోల లేదు,
చేటలో బియ్యం చెరుగుతున్నట్టు
అడుగుల చప్పుడొక్కటే.
ఒకరి భుజం ఒకరికి తగలకుండా
ఇన్ని వేలమంది ఎలా నడుస్తారో!
నేనొక్కణ్ణే తగిలాను, మూడుసార్లు.
మూడుసార్లూ వాళ్ళే మన్నించమన్నారు.

ఇక్కడ మనుషులు నోరు మెదపరు,
వస్తువులే మాట్లాడతాయి.
గేటు పలకరిస్తుంది,
కదిలే మెట్లు కాలు జాగ్రత్త అంటాయి కాబోలు.
హోటల్లో స్నానాల తొట్టి
నీళ్ళు నిండాయని కూనిరాగం తీసింది.
మరుగుదొడ్డి మూత నన్ను చూసి
తనంతట తనే లేచి నిలబడింది.
పెళ్ళినాడు కూడా
నాకోసం ఎవరూ అలా లేవలేదు.

వీధి మలుపులో మిషన్లో నాణెం వేస్తే
కాఫీ డబ్బా దభీమని పడింది,
కాలుతూ.
తాగబుద్ధి కాలేదు, జేబులో పెట్టుకున్నాను.
ఈ ఊళ్ళో నన్ను మొదట తాకిన వెచ్చదనం అదే.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి.
పదిహేడేళ్ళ గ్రీజు గోళ్ళలో ఉంది.
ఆరు రోజులు నేర్చుకు రమ్మని కంపెనీ పంపింది.
ఏ ఊరైనా నాకు పైకీ కిందికీ తెలుస్తుంది,
అడ్డంగా తెలీదు.

కురమోచి గారికి అరవై ఎనిమిదేళ్ళు.
తెల్లని చేతి తొడుగులు, మచ్చుకైనా మరక లేదు.
నా చేతులు వాటంతటవే జేబుల్లోకి దూరాయి.
లిఫ్టు నేలమీద ఆయనొక నాణేన్ని
అంచుమీద నిలబెట్టారు.
యాభై రెండు అంతస్తులు.
నా చెవులు దిమ్మెక్కాయి,
నాణెం పడలేదు.

పైన, అద్దం అవతల, ఊరు.
దీని పొలిమేర ఎక్కడని సైగచేసి అడిగాను.
ఆయన చెయ్యి చాపి చూపించడం మొదలుపెట్టారు,
ఆ చెయ్యి ఎక్కడా ఆగలేదు.
మేడల నెత్తిన ఎర్రదీపాలు
ఆరుతూ వెలుగుతూ,
నిద్రపోతున్న పసివాడి పొట్టలాగా
తొందరేమీ లేకుండా.

దిగుతుంటే, నలభై మూడో అంతస్తు దగ్గర,
టిక్.
గోరు విరిచినంత చప్పుడు.
తెరమీద అంతా పచ్చగానే ఉంది,
ఏ లోపమూ లేదంటోంది కంప్యూటరు.
నేను తల తిప్పేసరికి
ఆయన అప్పటికే నావైపు చూస్తున్నారు.
ఒక తొడుగు విప్పి
ఒట్టి అరచెయ్యి తలుపుకి ఆనించారు.
ఏదో అన్నారు.
చేతిలోని ఫోను దాన్ని తెలుగు చేసింది:
"తలుపునకు జ్వరము ఉన్నది."
ఫోను పొరపడిందో,
ఆయన అన్నదే అదో.

అర్ధరాత్రి దాటాక లిఫ్టు నెత్తికెక్కాం.
ఈ వెలుగుల వెనక, ఈ అద్దాల వెనక
అదే చీకటి, అదే గ్రీజు వాసన,
అవే వేలాడే ఇనుప తాళ్ళు.
హమ్మయ్య, ఇక్కడ నేను దారి తప్పను.
ఆయన టార్చి పట్టుకుంటే నేను వేలితో వెతికాను,
నేను పట్టుకుంటే ఆయన.
రోలరు రబ్బరు మీద పగులు,
బియ్యపుగింజంత.
మార్చేసరికి నాలుగయింది.
తెల్లని తొడుగుకి ఇప్పుడొక నల్లమరక.
దాన్నాయన దీపం కింద పెట్టి చూసుకుని
మొదటిసారి నవ్వారు.

వెళ్ళబోతూ వెనక్కి తిరిగి
నడుం వంచి నమస్కరించారు.
ఎవరొచ్చారా అని చూశాను.
ఎవరూ లేరు,
తలుపులు తెరుచుకుని ఖాళీ లిఫ్టు.

జేబులో కాఫీ ఎప్పుడో చల్లారింది.
మెట్ల మీద కూచుని చెరిసగం తాగాం.
ఆయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.
లిఫ్టే, ఆడగొంతుతో,
మర్యాదగా ఏదో చెప్పింది.
తలుపులు మూసుకుంటున్నాయనేమో.