నలుగురికి సరిపోతుంది

అని రాసుంది అట్టపెట్టె మీద.
ఏ నలుగురికి బాబూ?
మా ఢిల్లేశ్వరి ఒక్కర్తే కూచుంటే
పెట్టె ఖాళీ చేసి
చారేది పిన్నీ అంటుంది.

సిరిపురం సూపర్ మార్కెట్లో
మంచు బీరువా ముందు నిలబడ్డాను.
ఎడమచేయి పిండికట్టులో,
కుడిచేయి అద్దం తలుపు మీద.
నా ఊపిరికి అద్దం
గంజి మూతలా మసకేసింది.

పందొమ్మిదేళ్లుగా నర్సింగ్ హాస్టల్లో వంట.
మొన్న బియ్యం కడిగిన నీళ్లలో కాలు జారితే
ముప్పై ఒక్కమంది గుంటలూ చుట్టూ మూగి
తలా కాస్త చందా వేసుకుని
ఆదివారం నీకు సెలవు పిన్నీ, అన్నారు.
సెలవిచ్చి, సంచీ కూడా నాకే ఇచ్చారు.
నువ్వు ఏరి తెస్తేనే తింటారట.
తినేదాని పేరు చీటీ మీద రాసిచ్చారు:
లజానియా.
కొట్లో కుర్రాడితో లజ్జనయ్య అన్నాను.
నవ్వలేదు. మంచి పిల్లాడు.

వంకాయైతే తొడిమ చూస్తాను.
చేపైతే మొప్ప ఎత్తి చూస్తాను.
గోటికి విరగని బెండకాయ
పూర్ణా మార్కెట్ దాటి నా సంచీలోకి రాలేదెప్పుడూ.
మరి దీన్ని ఎక్కడ నొక్కాలి?
రాయిలా ఉంది. వాసన లేదు.
అట్ట మీది బొమ్మకి మాత్రం
పొగలు కక్కే ఆవిరి.

కోడిది, కూరగాయలది, పుట్టగొడుగులది.
ఆదివారం సూర్యుడికని నీచు ముట్టని హైమావతి,
పుట్టగొడుగు పేరెత్తితే ఒళ్లు జలదరించే కుసుమ,
పాలు పడని ఆ పాడేరు పిల్ల
(దానికి వేరే అట్టు పోయాలి, చెప్పకుండా),
అందరూ వచ్చి నా వెనక నిలబడ్డారు.
కళ్లజోడు మర్చిపోయాను.
గడువు తేదీలు కుర్రాడు చదివి వినిపించాడు,
జాతకం చెప్పినట్టు, మెల్లగా.

పెట్టెకి ముగ్గురు చొప్పున పదకొండు పెట్టెలు.
వాళ్లు ముప్పై ఒకరు, వాచ్‌మన్ దేముడు, నేను.
చందాలో ఎనభై రూపాయలు మిగిలితే
ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు.
ఆటో డబ్బులు నావి.

"ఓవెన్ ఉందా ఆంటీ?"
"ఇడ్లీ పాత్ర ఉంది."
ఈసారి నవ్వాడు.

మద్దిలపాలెం వెళ్లేలోపే మంచు కరగడం మొదలైంది.
పాదాల మీద చల్లటి చుక్కలు.
ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి
"ఏటమ్మా, చేపలా? హార్బర్ నుంచా?"
ఊఁ అన్నాను.
మరేటి చెప్పను?
ఏ ఊళ్లోనో ఎవర్తో ఉల్లిపాయలు తరిగి
మోచేత్తో కళ్లు తుడుచుకుని
పొర మీద పొర పేర్చి
తన పేరు రాయకుండా పంపేసింది,
దాన్ని ఒళ్లో పెట్టుకుపోతున్నానని చెప్పనా?
నా పప్పు మీద మాత్రం
నా పేరు ఎవరు రాశారులే.

ఆవిరికి పైపొర ఎర్రబడదు,
ఏడ్చిన మొహంలా తెల్లగా ఉండిపోయింది.
అట్లపెనం కణకణా కాల్చి
ఒక్కచేత్తో దాని మీద బోర్లించాను.
చుర్రుమంది.
వంటంటే ఆ ఒక్క చప్పుడే నాది ఆ రాత్రి.

వరసగా కూచున్నారు. తిన్నారు.
తీగలు సాగితే జడలు పట్టి లాగినట్టు నవ్వుకున్నారు.
అప్పుడంది ఢిల్లేశ్వరి,
"పిన్నీ, ఉప్పు తక్కువైంది."

గది అంతా చెంచాలు ఆగిపోయాయి.
పందొమ్మిదేళ్లలో ఆ మాట
నా ఎదుట అన్నవాళ్లు లేరు.
ఉప్పెక్కువైన రోజున కూడా
మజ్జిగ పోసుకుని లేచిపోయారు.
నేనూ ఓ ముక్క నమిలి
"అవునే, తక్కువే" అన్నాను.
ఎంత హాయిగా ఉందో!
"కారం కూడా లేదు."
"తీపి తగుల్తోంది."
"పైన పచ్చిమిరపకాయ కొరుక్కోవే."
అందరం కలిసి
ఎవరినీ నొప్పించకుండా
వంకలు పెట్టుకుంటూ కడుపునిండా తిన్నాం.

రేకు పళ్లేలు పదకొండూ కడిగి
గోడకి చేరేశాను. వడియాలకి పనికొస్తాయి.
నలుగురికి అన్న అట్ట ఒకటి చింపి
కారే నూనె డబ్బా కింద పెట్టాను.
పొద్దున్నే కందిపప్పు నానెయ్యాలి.
పాడేరు పిల్ల ఇంకా రెండు అట్లు తినేదేమో,
అడగలేదు నేను.