చేతులారా

షట్టరు సగమే ఎత్తి ఉంది. మాంటెవిడియోలో ఆగస్టు,
సముద్రపు గాలి వీధి మలుపు తిరిగి వచ్చి మరీ కొడుతుంది.
ఎల్విరా ఒక బిస్కెట్ల డబ్బా బల్ల మీద పెట్టింది.
పదకొండు టేపులు.
ఒకదాని అంచున బూజు, పాత పెరుగు మీద పట్టినట్టు.
"మా అమ్మ" అంది. ఇంకేం చెప్పలేదు.

ఈ పని తెలియనివాళ్ళు తొందరపెడతారు.
గంట టేపుకి గంట.
పెళ్ళయినా, ఎవరూ లేని ఖాళీ వరండా అయినా
అప్పుడెంత సేపు జరిగిందో ఇప్పుడూ అంతే సేపు జరగాలి.
యంత్రం పక్కన మాతె తాగుతూ
ఊళ్ళోవాళ్ళ ఆదివారాలన్నీ నేనే గడిపాను, ఇరవై ఏళ్ళుగా.
నావి ఎవరూ తీయలేదు.

దూదిని స్పిరిట్‌లో ముంచి హెడ్డు తుడిచాను.
నాలుగో టేపు. పెన్సిలుతో 1991.
కంప్యూటరులో ఎర్రచుక్క వెలిగింది, ఫైలు పెరుగుతోంది.
వంటగది. పసుపుగళ్ళ బల్లగుడ్డ.
ధ్వని లేదు.
వైరు మార్చాను. ప్లేయరు మార్చాను.
మీటరు ముల్లు గుర్రుపెట్టి నిద్రపోతోంది.
మూడు రోజులు ఆ నిశ్శబ్దానికి వైద్యం చేసి
ఆఖరికి సిగ్గుపడుతూ ఫోను చేశాను:
"బొమ్మ దక్కిందమ్మా. మాట పోయింది."

అవతల నవ్వు.
"మైకు పనిచెయ్యదని ఆ కెమెరా సగం ధరకే ఇచ్చారండీ.
నాన్న ఎగిరి గంతేశాడు.
అమ్మకీ నాన్నకీ మిల్తన్ మామయ్యకీ చెవులు వినపడవు.
ఇంటి మొత్తానికీ వినేదాన్ని నేనొక్కదాన్నే.
మీరు చేతులు చూడండి."

చేతులు చూశాను.
అప్పుడు గానీ అసలు జబ్బు కనపడలేదు.
తెర అడుగున వణికే తెల్లగీతల పోగు,
అది మామూలేనని అందరికీ నేను సర్దిచెప్పే పోగు,
సరిగ్గా ఆమె మణికట్ల మీద.
మొహం చెక్కుచెదరలేదు.
మాట మాత్రం మధ్యకి తెగిపోతోంది.

మూత విప్పి, టేపు నడిచే దారిలో చిన్న మరని
వెంట్రుకవాసి తిప్పాను. గీతలు పైకెక్కి నుదురు మింగాయి.
వెనక్కి తిప్పాను. కిందికి.
ఇంకా కిందికి.
రాత్రి పదకొండింటికి బల్లగుడ్డ దాటి పోయాయి.
ఆమె తడిచేతులు గౌనుకి తుడుచుకుంది,
మనం గొంతు సవరించుకున్నట్టు,
కెమెరా పక్కనున్న ఎవరినో
చేతులారా పిలిచింది.

మర్నాడు ఎల్విరా కోటు విప్పకుండానే కూర్చుంది.
ఆమె చేతులు ఒళ్ళోంచి లేచాయి, బదులు చెప్పాయి,
తెర చూడలేదని గుర్తొచ్చి దిగాయి.
నేను అడగలేదు. తనే అంది:
"పొయ్యి మీద పాలున్నాయి, పొంగే చప్పుడు రాగానే
వచ్చి నా కొంగు లాగు అంటోంది.
కొంగు కాదు, గౌను. ఏదో ఒకటి.
వినడం మా ఇంట్లో నా పని."

ఇంకా ఏడు టేపులున్నాయి.
షట్టరు పూర్తిగా దించి
కెటిల్లో నీళ్ళు పెట్టాను.