గాలి ఉండగానే

ఆరు గంటలుగా నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదంటాడు లింబాద్రి.
వేలు గుచ్చి చూశాను, తొంభై ఎనిమిది.
"షుగర్ లేదు గదా మేడం,
మల్ల చక్కెరెందుకు ఎక్కిస్తున్నరు?"

సీసం తొడిగిన సిరంజిలో
తెల్లవారుజామున సైక్లోట్రాన్‌లో పుట్టిన చక్కెర.
నూట పది నిమిషాలకోసారి సగమైపోతుంది.
ఫహాహీల్ రోడ్డు మీద లారీ అడ్డం పడితే
దారిలోనే ముసలిదైపోయే మందు.

ఏం చెప్పను?
మంచి కణం, జీతం రోజున
ఎక్స్చేంజి ముందు వరసలో నిలబడే మనిషి.
ఒక్క గ్లూకోజు పలుకును
ఆఖరి ఫిల్సు దాకా గాలితో కాల్చి
ముప్ఫై పైచిలుకు నాణేలు చేసుకుంటుంది.
గాలి అందని రోజున మాత్రమే
దాన్ని సగంలో ఆపి, పులియబెట్టి
రెండు నాణేలతో పూట గడుపుకుంటుంది.

ఇంకో కణం ఉంటుంది.
గాలి నిండుగా ఉండగానే
రెండు నాణేలు చాలంటుంది.
మిగిలిన పులుపును పక్కవాడి గుమ్మంలో పారబోస్తుంది.
చాలదు కనుక మింగుతుంది, మింగుతూనే ఉంటుంది.
ఎవరు ఎక్కువ మింగుతున్నారో
ఈ చక్కెర పోయి చూసి వస్తుంది.
వస్తుందని అన్నాను గానీ, రాదు.
లోపలే ఇరుక్కుని వెలుగుతుంది.

కిటికీలో, బుర్గాన్ వైపు,
పట్టపగలు గ్యాసు మంట.
"గట్లనా? ఉత్తగనే తగలబెట్టుడా?" అన్నాడు.
అలాగే అన్నాను.

దుప్పటి కప్పి దీపం తగ్గించాను.
గంటసేపు కదలొద్దు, మాట్లాడొద్దు, సెల్లు వద్దు.
కదిలిన కండ చక్కెర లాక్కుంటుంది.
చలేస్తే మెడ దగ్గరి కొవ్వు కూడా వెలుగుతుంది.
పంతొమ్మిదేళ్ళు రిఫైనరీ గొట్టాల చుట్టూ పరంజా కట్టిన చేతులు
దుప్పటి కింద ఏం చేయాలో తెలియక
ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

యంత్రం గుండా పోయి వచ్చాక
గంట పైగా దాచుకున్న మాట బయటపెట్టాడు.
"మేడం, మాది భీంగల్ పక్కన, గౌడోల్లం.
మా బాపు తోని నేను కూడ ఈదులు గీసిన.
కల్లు ముంతకు మూత లేకున్నా పులుస్తది.
తీపి దండిగుంటే దానికి గాలెందుకు?"

నాలుగేళ్ళ చదువు, రెండు పరీక్షలు,
గోడ మీద ఫ్రేములో నా సర్టిఫికెట్.
ఈస్టు సంగతి ఒక పేజీలో చదివాను నిజమే.
ఆ పేజీని ఎవరూ నడుముకు మోకు కట్టుకుని ఎక్కలేదు.

"ఇంగొకటి. ఉత్తగ తగలబెడుతలేదు మేడం.
మంట కావాల్నంటే అన్ని కట్టెలెందుకు?
అది పొయ్యిల వెట్టడానికి కొంటలేదు,
వాసాలకు కొంటున్నది.
ఇల్లు కడుతున్నది."

ఇల్లు కట్టి చూడమంటారు మనవాళ్ళు.
ఈ కణం చూడదు, కడుతుంది.
కాల్చని చక్కెర ముక్కలతోనే
గోడ, గోడకవతల గోడ,
తన నకలుకు ఒక గది, ఆ నకలుకు ఇంకో గది.
ఎదురుగా మహ్‌బూలాలో
అద్దెకెవరూ రాకముందే లేచిన అంతస్తులు.

నా తెర మీద ఎక్కువ తిన్నవాళ్ళు నల్లగా కనిపిస్తారు.
మెదడు నలుపు, అది దాని హక్కు.
గుండె కొంచెం. మూత్రాశయం.
ఎడమ ఊపిరితిత్తిలో
పరంజా లేకుండా లేస్తున్న రేగుపండంత కట్టడం.

రిపోర్టు డాక్టరు గారు చెబుతారన్నాను.
నా ముఖం చూసి తలూపాడు.
రాత్రి దాకా చిన్నపిల్లల్ని ఎత్తుకోవద్దన్నాను, కాగితంలో ఉన్నట్టే.
"క్యాంపుల పిల్లలెక్కడియి మేడం."

క్యాంటీన్ అబ్బాయి ఇచ్చిన సులేమానీ చాయిలో
మూడు చెంచాలు వేసుకుని తిప్పుతున్నాడు.
వద్దనబోయాను. నోరు తెరిచాను కూడా.
"కొంత తలకాయకు గూడ పోతది గదా" అన్నాడు.

మంగాఫ్ బస్సు వచ్చే వేళకు
అతనిలోని వెలుగు సగమైంది.