సంక కింద అర ఇంచు

లంగర్‌హౌజ్ సందుల నా దుకాణం.
గోడ అవుతల తోపుల పల్టన్ కవాతు,
ఇవుతల నా ఉషా మిషన్.
పొద్దుగాల వాళ్ల విజిల్‌కే నా కాలు కదిలేది.

సుబేదార్ ఈదయ్యకు
పందొమ్మిది ఏండ్లు ఆలివ్ గుడ్డ కుట్టిన.
ఛాతి నలభై. నడుము ముప్పై రెండు.
ఎడమ భుజం కుడిదానికన్న పావు ఇంచు కిందికి,
గుండ్లు మోసీ మోసీ.
ఆ పావు ఇంచు సంగతి
నాకూ ఆయన ఇంటామెకూ తప్ప ఎవ్వరికీ తెల్వది.
ఎడమ చెవి గూడ తోపుకే ఇచ్చిండు.
అది మాత్రం గల్లీ అంత ఎరుకే.
మెల్లగ మాట్లాడిన అనుకుంటడు,
మూల మీది ఇరానీ హోటల్ల చాయ్ తాగెటోళ్లు తలకాయ తిప్పుతరు.

పెన్షన్ కాయితం చేతికొచ్చిన ఏడాదే
నీళ్ల ట్యాంకర్ కాడ కొట్లాట తెంపిండు.
మనుషులను కాదు, బిందెలను లైన్ల నిలబెట్టిండు.
"బిందెకు కోపం రాదు" అన్నడు.
గంతే.
మూడు బస్తీలు ఆయన ఎనక నడిచినయి.

ఓట్ల నెల వచ్చి ముందట నిలబడ్డడు.
"నర్సూ, తెల్లగుడ్డ కొయ్యి."
టేపు పట్టిన. చేతులు వణికినయి, నావే.
"జేబుకు మూత పెట్టు. బొత్తం పెట్టు."
లీడర్ల అంగీకి బొత్తం జేబు ఎవలు కుడతరు సార్?
"పెన్ను పడిపోతది."
కుట్టిన.

గెలిచిండు.
అసెంబ్లీల మొదటి దినం
స్పీకర్ రాంగనే అందరు లేసిండ్రు, అందరు కూసున్నరు.
ఈయనొక్కడు మడిమెలు కలిపి అట్లనే,
కూసొమ్మని ఎవలన్న చెప్తరేమోనని.
టీవీల చూసి బస్తీ అంత నవ్వింది.
నేను నవ్వలేదు.
కాలర్ సక్కగ కూసున్నదా అని చూస్తున్న.

ఎదుటి పార్టీ కుర్చీలు ఆయన ఎడమ దిక్కుకే ఉండె.
సగం తిట్లు చేరకపోయేవి.
తర్వాత చెవికి మిషన్ కొనిచ్చిండ్రు.

రెండోసారి గెలిచినంక కండువా రంగు మారింది.
ఎందుకని అడగలేదు.
గుడ్డ రంగుతోని దర్జీకి పని లేదని
మా నాయిన చెప్పేటోడు.
మా నాయిన అన్నీ సరిగనే చెప్పిండని ఏమున్నది.

"లోపల ఇంకో జేబు కుట్టు,
గుండె కాడ. రెండేళ్లు పట్టేంత."
రెండేళ్ల జేబుల ఎన్ని నోట్లు పడతయని
రాత్రంత లెక్క చేసిన, సిగ్గు లేక.
ఓనాడు బొత్తం ఊడిందని అంగీ పంపిండు.
చెయ్యి తగలంగనే లోపల జేబుల నుంచి
కీచుమని సన్నగ కూత.
చెవి మిషన్!
తీసి దాసుకున్నడు, బంద్ చేసుడు మర్చిండు.

అంతకు ముందు దినం పేపర్ల ఉండె
మాజీ సైనికుల ప్లాట్ల జాగ
ఏదో కంపెనీకి పోయిందని.
చేతులెత్తినోళ్ల పేర్లు కింద సన్న అచ్చుల.
అద్దాలు పెట్టుకొని సదివిన.
మల్ల అద్దాలు తుడిచి సదివిన.

వారం తిరగకముందే ఆయనే వచ్చిండు.
"సంక కింద గుంజుతుంది నర్సూ,
చెయ్యి లేపితే."

నా కత్తెరకు ఎరుకైంది ఒక్కటే ఎత్తు సార్,
కనుబొమ్మ దాక.
అనలేదు. లేపి చూపియ్యుమన్న.
లేపిండు. నిండుగ, మీదికి, పంకా రెక్క దాక.
అప్పుడే కరెంటు పోయింది.
లెక్కపెట్టేటోడు లేడు, దించుమనేటోడు లేడు,
చీకట్ల తెల్ల చెయ్యి అట్లనే.
"ఎంత ఇడువాలె సార్?"
కుడి చెవి నా దిక్కు తిప్పిండు.
"ఆఁ?"
మల్ల అడిగిన.
"నీకు తెల్వదా" అన్నడు మెల్లగ,
నిజంగనే మెల్లగ.

ఇంచు ఇడువాలె.
అర ఇంచే ఇడిసిన.

కూలి నలభై అన్న.
యాభై నోటిచ్చి, పది తీసుకొని,
జేబుల ఏసి
బొత్తం పెట్టుకున్నడు.