వెనక తలుపు తాళం

పదమూడేళ్లు ఆ తాళంచెవి నా నడుముకే ఉండింది.
రాత్రి తొమ్మిది కొట్టగానే
వెనక మెట్లు దిగి, గడియ పెట్టి, తాళం వేసి,
రెండుసార్లు లాగి చూసి
అప్పుడు అన్నానికి పోయేదాన్ని.

ఆడపిల్లల హాస్టలు కదా, అన్నారు పెద్దలు.
నేనూ అన్నాను.
ఆ ఇత్తడి ముక్క ఇచ్చినంత నిబ్బరం
నాకు ఏ దేవుడూ ఇవ్వలేదు.

చిక్కమునియప్ప ఆషాఢంలో వచ్చాడు.
ఫైర్ స్టేషన్లో ముప్పయ్యేళ్లు నీళ్లు కొట్టి
రిటైరై, మా యలహంక కాలేజీకి సేఫ్టీ ఆఫీసరుగా.
కుడిచెవి కింద చర్మం కరిగి ఆరిన మైనంలా ఉంటుంది.
ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.
మెట్ల దగ్గర ఎర్ర బకెట్టు ముందు ఆగి
"ఇదేనమ్మా?" అన్నాడు.
ఇసకలో పుదీనా. వంట సాకమ్మ నాటింది.
"చట్నీకి బాగుంటాది సార్."
నవ్వలేదు. ఒక ఆకు తుంచి వాసన చూసి
పుస్తకంలో రాసుకున్నాడు.

ఇంకా ఏమేం రాసుకున్నాడో నాకు తెలుసు, వెంట నడిచాను కదా:
గోడకు వేలాడే సిలిండరు, దాని మెడకు ఎవరిదో తడి చున్నీ,
చీటీ మీద ఆరేళ్ల కిందటి తేదీ.
ఒక ప్లగ్గుకు ఏడు తోకలు.
మంచం కింద దాచిన కెటిల్
దాని పైన పరుపు.

హిందూపురం పిల్ల అఫ్రీన్, సివిల్ మూడో ఏడు,
టేపు పట్టుకుని మెట్లు కొలిచింది.
రెండువందల పన్నెండు మందిమి, మూడున్నర అడుగుల దారి,
అని కాగితం మీద గీసి మేనేజ్‌మెంటు ముందు పెట్టింది.
వచ్చే బడ్జెట్టులో చూద్దాం, అన్నారు.
ప్రిన్సిపాల్ వనజాక్షి మేడం మాత్రం
ఆ కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.
వారం తర్వాత ఒక రాత్రి
మోకాళ్ల నొప్పితోనే నాలుగో అంతస్తెక్కి
పిల్లల గదిలో చాప పరుచుకుని పడుకుంది.
ఎందుకో నాకు చెప్పలేదు.

రెండింటికి సైరన్.
కరెంటు పోయింది. అది చిక్కమునియప్ప పనే అని
తర్వాత తెలిసింది.
అప్పుడు తెలియదు.
చీకట్లో వెనక తలుపు ముందు నేను,
నా చేతిలో గుత్తి,
గుత్తిలో ఇరవైమూడు తాళంచెవులు,
నా వీపు మీద
వంద మంది పిల్లల ఊపిరి.

ఒకటి పట్టలేదు.
ఇంకొకటి పట్టింది, తిరగలేదు.
గుత్తి జారింది.
కింద వెతుకుతుంటే ఎవరిదో చెప్పు నా వేళ్లు తొక్కింది,
సారీ ఆంటీ, అని ఏడ్చింది ఆ చెప్పు.

బయట టార్చి వెలుగులో
చిక్కమునియప్ప స్టాప్‌వాచీ నాకు చూపలేదు.
"పొగ ఇంత సేపు కాయదు తాయీ," అన్నాడు, అంతే.
మేడం మెట్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ
తలెత్తి నన్ను చూసింది.
తిట్టి ఉంటే బాగుండేది.

తాళం నేనే కోయించాను.
వెల్డరు వచ్చి కడ్డీ బిగించాడు:
లోపలినుంచి నెడితే తెరుచుకుంటుంది, బయటినుంచి రాదు,
తెరిస్తే గంట మోగుతుంది.
బిల్లు గురించి పెద్దలతో మేడం ఏం మాట్లాడిందో గాని
ఆ గదిలోంచి టీ కప్పులు తాగకుండానే తిరిగొచ్చాయి.

మొదటి పది రాత్రులు నిద్రలేదు నాకు.
ఎవరైనా వస్తారని కాదు, ఎవరైనా పోతారని.
ఎవరూ పోలేదు.
పుదీనా ఇప్పుడు పెయింటు డబ్బాలో ఉంది, కాస్త వాడింది.
మొన్నటి డ్రిల్లులో నాలుగు నిమిషాలు.
ఇంకా ఎక్కువే, అంది అఫ్రీన్.

తొమ్మిది కొడితే చెయ్యి తనంతట తానే నడుము తడుముతుంది.
వెనక మెట్లు దిగుతాను.
కడ్డీ మీద అరచెయ్యి పెట్టి నెడతాను.
బయట బైకుల షెడ్డు, వానకు తడిసిన పనసచెట్టు.
గంట మోగుతుంది.
పై అంతస్తులోంచి ఎవరో
"ఏం లేదే, వార్డెనమ్మ" అంటారు.
మూసి, అన్నానికి పోతాను.