పంటు మీద క్రియలు

సఖినేటిపల్లి రేవులో ఆరున్నర పంటు.
ఒళ్లో టిఫిను, టిఫిను మీద నోటుబుక్కు.
నైటు డ్యూటీకి ఇంకా టైముంది.

హాంబర్గు రేవులో పదకొండేళ్లు వెల్డింగు చేసొచ్చిన
బెనర్జీ మాస్టారు చెప్పారు:
"బలహీన క్రియలకి భయపడకు సువార్తా,
అవి బుద్ధిమంతులు.
ఒళ్లు కదలదు, తోకొక్కటే మారుద్ది."
లెర్న, లెర్న్‌స్ట్, లెర్న్ట్.
అమ్మ లేసు గొలుసులు లెక్కపెట్టినట్టు
పెదాలు కదుపుతుంటే
పక్కన రొయ్యల ట్రే మీద కూర్చున్నాయన
ప్రార్థన అనుకుని చెప్పులు విడిచాడు.

బలమైనవే లోపల్లోపల మారిపోతాయి.
నేను చూస్తే 'జేయ',
నువ్వు చూస్తే 'జీస్ట్'.
చూపు ఒకటే, అచ్చు వేరు.
ఇదేం చోద్యమని నవ్వబోయి ఆగాను.
వచ్చాను అంటాం, రాను అంటాం,
ఆ రెండు మొహాలూ ఒక్కదానివేనని
మనకి మాత్రం ఎవరు చెప్పారు?

విడిపోయే క్రియలు పంటు కదిలాక అర్థమయ్యాయి.
'అన్‌కొమ్మెన్' అంటే చేరుకోవడం.
వాక్యంలో పెట్టామా,
'కొమ్మ' ఈ రేవులో ఆగిపోద్ది,
దాని చిన్నాకు 'అన్' నరసాపురం గట్టున.
మధ్యలో ఎంత గోదారైనా పట్టుద్ది:
ఏ రోజు, ఎన్నింటికి, ఎవరితో.
అన్నీ దాటి ఆకు దొరికితేనే
చేరినట్టు.

అయిపోయినవి చెప్పడానికి రెండు దార్లు.
తిన్నా, కొన్నా, కుట్టినా 'హాబెన్', కలిగి ఉండటం.
మన నోటికది ఎక్కదు,
నాకుంది అంటాం, దానంతటదే వచ్చి కూర్చున్నట్టు.
వెళ్లినా, వచ్చినా, పడినా 'జైన్', ఉండటం.
పట్టిక పొడుగ్గా ఉంది. బట్టీ పట్టలేదు.

మొన్న నాలుగింటికి ఏడో మంచం పెద్దాయన,
లాకుల దగ్గర తలుపులు తిప్పే పని చేసినాయన.
నాడి చూశాను. టైము రాశాను.
వరండాలో కూతురు లేచి నించుంది.
"పోయారమ్మా" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక తట్టింది,
మనకి పోవడమూ పోవడమే.
ష్టెర్బెన్, ష్టార్బ్, గెష్టోర్బెన్.
అడుగడుక్కీ అచ్చు మార్చుకునే బలమైన క్రియ,
దానికి తోడు హాబెన్ కాదు.
ఎర్ ఇస్ట్ గెష్టోర్బెన్.
పోయి, ఉన్నారు.

శనివారం పరీక్షలో ఆ ఖాళీ తప్పలేదు.
మిగతావి ఏడు తప్పు.
మాస్టారు ఎర్రసిరాతో రాశారు:
"'వైల్' వస్తే క్రియ చివరికి పోవాలి."
నేను ఇంగ్లీషు గుర్తొచ్చి ముందుకి లాగాను.
మా ఇంట్లో మాట్లాడినట్టు రాసుంటే
ఒప్పయ్యేది.